గనిలో దీపం

పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగేముందు మన పల్లెల్లో అనుభవజ్ఞులైన పెద్దలు ఒక జాగ్రత్త పాటించేవారు. వెలుగుతున్న లాంతరును తాడుకు కట్టి మెల్లగా లోపలికి దించేవారు. అడుగుకు చేరకముందే దీపం కొడిగట్టి ఆరిపోతే, ఆ పూట మనిషిని బావిలోకి దింపేవారు కారు. గాలి ఆడని బావి అడుగున పేరుకొన్న బొగ్గుపులుసు వాయువు కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. దిగినవాడు కేక వేయడానికైనా వ్యవధి ఉండదు. అతణ్ణి రక్షించబోయి దిగినవాడిదీ అదే గతి. ఈ విషాదం బావులకు మాత్రమే పరిమితమైనది కాదు. భూమిని తవ్వి లోహాలు తీసే ప్రతి దేశంలోనూ గని కార్మికులు తరతరాలుగా ఈ అదృశ్య శత్రువుతో పోరాడారు. దీపం ఆరిపోయేచోట కూడా మనిషి ప్రాణాలతో తిరిగిరాగల ఉపాయం ఏదైనా ఉందా అని ఆలోచించి, ఆ ప్రయత్నంలో తన ప్రాణాన్నే పణంగా ఒడ్డిన ఒక యువ అధికారి పద్దెనిమిదో శతాబ్దం చివర జర్మనీలో ఉండేవాడు. ఆయనే అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్.

లోకం హంబోల్ట్‌ను మహాయాత్రికుడుగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా జ్ఞాపకం ఉంచుకొంది. దక్షిణ అమెరికా తీరం వెంబడి ప్రవహించే ఒక చల్లని సముద్రప్రవాహానికి ఆయన పేరు పెట్టారు. పర్వతాలకు, నదులకు, జంతువులకు, మొక్కలకు ఆయన పేరు ఉంది. అయితే ఆయన జీవిక కోసం నేర్చిన విద్య గనుల విద్య, చేసిన తొలి ఉద్యోగం గనుల ఉద్యోగం. జీవితచరిత్రకారులు చాలామంది ఈ భాగాన్ని ఒకటి రెండు పుటల్లో దాటవేసి ఓడ ఎక్కిస్తారు. నిజానికి ఆ తరువాతి యాత్రలలో ఆయనకు అడుగడుగునా అక్కరకు వచ్చింది ఈ చదువే.

హంబోల్ట్ 1769 సెప్టెంబరు 14న బెర్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి ప్రష్యా సైన్యంలో పనిచేసి, రాజాస్థానంలో పదవి పొందినవాడు. తల్లి మరీ ఎలిజబెత్ సంపన్న కుటుంబీకురాలు. రెండేళ్లు పెద్దవాడైన అన్న విల్హెల్మ్ తరువాతి కాలంలో భాషాశాస్త్రవేత్తగా, బెర్లిన్ విశ్వవిద్యాలయ స్థాపకుడుగా కీర్తి గడించాడు. అన్నదమ్ములిద్దరూ బెర్లిన్ సమీపంలోని టేగెల్ భవనంలో ఇంటివద్దే గురువుల దగ్గర చదువుకొన్నారు. విల్హెల్మ్ పుస్తకాలలో మునిగి ఉంటే, అలెగ్జాండర్ తోటలలో తిరుగుతూ ఆకులు, పురుగులు, రాళ్లు ఏరి తెచ్చి గదినిండా పేర్చేవాడు. ఇంట్లోవారు అతణ్ణి చిన్న మందుల దుకాణదారుడని వేళాకోళం చేసేవారు. చదువులో అన్న కంటె వెనుకబడ్డవాడనే అభిప్రాయం కూడా ఆ రోజుల్లో అతని మీద ఉండేది.

1779లో తండ్రి మరణించాడు. అప్పటికి అలెగ్జాండర్ వయస్సు తొమ్మిదేళ్లు. అప్పటినుంచి పిల్లల చదువుల భారమంతా తల్లి వహించింది. ఆమె క్రమశిక్షణ గల మనిషి. చదువుకు ఎంత ధనమైనా వెచ్చించింది, ఉత్తమ గురువులను నియమించింది. కాని కుమారులు రాజ్యంలో ఉన్నతాధికారులు కావాలన్న తన నిర్ణయంలో మార్పు లేదు. అలెగ్జాండర్ మనస్సు మాత్రం దూరదేశాల మీద ఉండేది. తల్లి మాట కాదనే స్వభావం అతనిది కాదు, తన కోరిక చంపుకొనే స్వభావమూ కాదు.

1787లో అతడు ఓడర్ నదీతీరంలోని ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, ప్రభుత్వ ఆదాయవ్యయాలకు, పరిపాలనకు సంబంధించిన శాస్త్రం చదివాడు. అది అతనికి రుచించలేదు. తరువాత బెర్లిన్‌లో విల్డెనోవ్ అనే యువ వృక్షశాస్త్రజ్ఞునితో పరిచయం ఏర్పడి, మొక్కల మీద మక్కువ పెరిగింది. 1789లో గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ ఉన్న రోజుల్లోనే గేయార్గ్ ఫోర్‌స్టర్‌తో స్నేహం కుదిరింది. కెప్టెన్ కుక్ రెండవ భూప్రదక్షిణ యాత్రలో చిన్నవయస్సులోనే పాల్గొన్నవాడు ఫోర్‌స్టర్. 1790లో ఇద్దరూ కలిసి రైన్ నది వెంట ప్రయాణించి, హాలండు, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు చూసి వచ్చారు. దక్షిణ సముద్రాలలో తిరిగివచ్చిన మనిషి పక్కన నడుస్తూ, లండన్ రేవులో దూరదేశాలకు బయలుదేరే ఓడలను చూసిన ఇరవై ఏళ్ల యువకుని మనస్సు ఏ విధంగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అదే సంవత్సరం అతడు రైన్ తీరపు బసాల్టు శిలలను గురించి ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు.

గ్రంథం వచ్చింది కాని ఉద్యోగం రాలేదు. తల్లి కోరికను తీర్చే ఉద్యోగం, తన కోరికకు పనికివచ్చే విద్య, ఈ రెండూ ఒకచోట దొరికే మార్గం ఏదని హంబోల్ట్ ఆలోచించాడు. ఆ మార్గం గనులలో కనబడింది. ఆనాటి జర్మన్ రాజ్యాలలో గనులు ప్రభుత్వ ఆదాయానికి ముఖ్యాధారం. గనుల శాఖలో పదవి గౌరవప్రదమైనది. ఆ శాఖలో పనిచేసేవానికి శిలలు, ఖనిజాలు, రసాయనశాస్త్రం, భూమి కొలతలు, యంత్రాలు అన్నీ తెలియాలి. పైగా ఊరూరా తిరగాలి. 1791లో ప్రష్యా గనుల శాఖ అధిపతి అయిన మంత్రి హైనిట్స్‌కు అతడు ఉద్యోగం కోరుతూ విజ్ఞప్తి పంపుకొన్నాడు. ఈ హైనిట్స్ సామాన్యుడు కాడు. శాక్సనీ రాజ్యంలో ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయం స్థాపించినవారిలో ప్రముఖుడు. ఆయన ప్రోత్సాహంతో అదే ఏడాది జూన్ నెలలో హంబోల్ట్ ఫ్రైబెర్గ్ చేరుకొన్నాడు.

ఫ్రైబెర్గ్ వెండి గనుల పట్టణం. పన్నెండో శతాబ్దంలో అక్కడ వెండి బయటపడిన నాటినుంచి ఆ పట్టణం కింద నేలను తవ్వుతూనే ఉన్నారు. ఏడేళ్ల యుద్ధంలో చితికిపోయిన శాక్సనీ ఆర్థికంగా కోలుకోవడానికి 1765లో ఈ విద్యాలయాన్ని నెలకొల్పింది. అంతవరకు గని విద్య తండ్రినుంచి కొడుకుకు, మేస్త్రీనుంచి పనివానికి సంక్రమించే నైపుణ్యం మాత్రమే. దానిని తరగతి గదిలోకి తెచ్చి శాస్త్రంగా బోధించడం అప్పటికి కొత్త. ఆ కొత్తదనాన్ని వెతుక్కొంటూ యూరప్ నలుమూలలనుంచి విద్యార్థులు వచ్చేవారు. వారిని ఆకర్షించినవాడు ఆచార్య అబ్రహాం గోట్‌లోబ్ వెర్నర్. 1775 నుంచి జీవితాంతం అక్కడే బోధించాడు. ఒక రాతిని చేతిలోకి తీసుకొని దాని రంగు, మెరుపు, గట్టితనం, బరువు, విరిగిన తీరు చూసి అది ఏ ఖనిజమో తేల్చే పద్ధతిని క్రమబద్ధం చేసిన పండితుడు ఆయన. శిలలన్నీ ఒకనాటి మహాసముద్రపు నీటినుంచి అడుగున పేరుకొని ఏర్పడినవే అని ఆయన సిద్ధాంతం. అది సరికాదని తరువాత తేలింది. ఆ తేల్చినవారిలో ఆయన శిష్యులే ఉండడం ఒక విశేషం. అమెరికా అగ్నిపర్వతాలను స్వయంగా పరిశీలించిన తరువాత హంబోల్ట్ కూడా గురువు సిద్ధాంతాన్ని విడిచిపెట్టాడు, గురువు మీది గౌరవాన్ని మాత్రం విడిచిపెట్టలేదు.

ఫ్రైబెర్గ్ చదువు సుఖమైన చదువు కాదు. ఉదయమే పనివారి దుస్తులు ధరించి, చేత దీపం పట్టుకొని, నిట్టనిలువు నిచ్చెనల మీదుగా గనిలోకి దిగాలి. లోపల చీకటి, తడి, పొగ. ఒక్కొక్కచోట మోకాళ్ల మీద పాకాలి. సుత్తి, ఉలి పట్టి రాతిని కొట్టడం, ముడిఖనిజాన్ని వేరుచేయడం, గోడలు కూలకుండా కలప దూలాలు నిలపడం, ఊరే నీటిని పైకి తోడడం, ఇవన్నీ కార్మికుల పక్కన నిలబడి నేర్చుకోవాలి. మధ్యాహ్నం పైకి వచ్చి పాఠాలకు హాజరు కావాలి. ఖనిజశాస్త్రం, గణితం, గని కొలతలు, గనుల చట్టాలు ఒకదాని తరువాత ఒకటి. సాయంకాలం మిగిలిన కాస్త వెలుతురులో హంబోల్ట్ కొండల మీద మొక్కలు సేకరించేవాడు. భవనాలలో పెరిగిన యువకుడు ఈ శ్రమకు తట్టుకోలేడని కొందరు భావించి ఉండవచ్చు. అతడు తట్టుకోవడమే కాక, సాధారణంగా మూడేళ్లు పట్టే చదువును ఎనిమిది నెలల్లో ముగించాడు. తనకంటె చిన్నవాడైనా గనులను బాగా ఎరిగిన ఫ్రైస్‌లేబెన్ అనే సహాధ్యాయి అతనికి సొరంగాలలో దారి చూపినవాడు, జీవితాంతం మిత్రుడు.

ఆ చీకటిలో హంబోల్ట్ ఒక చిత్రమైన విషయం గమనించాడు. సూర్యకిరణం ఎన్నడూ సోకని సొరంగాలలో, తడిసిన కలప దూలాల మీద పుట్టగొడుగులు, నాచు, ఇతర చిన్న మొక్కలు పెరుగుతున్నాయి. గనిలోకి దిగిన వేలమంది వాటిని చూసే ఉంటారు. అతడు వాటిని సేకరించి, వర్ణించి, 1793లో లాటిన్ భాషలో ఒక గ్రంథంగా ప్రచురించాడు. వెండి కోసం దిగినచోట వెండి ఒక్కటే చూడకపోవడం అతని స్వభావం.

1792 ఫిబ్రవరి చివర, ఇరవై రెండేళ్ల వయస్సులో, ప్రష్యా గనుల శాఖలో ఉద్యోగం లభించింది. కొద్ది నెలలలోనే, కొత్తగా ప్రష్యా పాలనలోకి వచ్చిన అన్స్‌బాఖ్, బైరాయిట్ ప్రాంతాల గనులపై ప్రధానాధికారిగా నియమితుడైనాడు. ఏళ్ల తరబడి కింది మెట్లలో సేవ చేసినవారిని దాటి ఇంత చిన్నవాడికి అంత పదవి దక్కడం అతనికే కొంత బిడియం కలిగించింది. ఆ గనుల పరిస్థితి మాత్రం దయనీయంగా ఉంది. ఒకనాడు బంగారానికి ప్రసిద్ధి పొందిన గోల్డ్‌క్రోనాఖ్ గనులు నీటితో నిండి, కూలిపోయి ఉన్నాయి. హంబోల్ట్ ముందుగా ఒక కోటలోని పాత దస్తావేజుల భాండాగారాన్ని తెరిపించాడు. పదహారో శతాబ్దపు గని లెక్కలను, వర్ణనలను పెట్టెలకొద్దీ తెప్పించి, శిథిలమైన ఆ లిపిని కూడబలుక్కొని చదివి, పూర్వులు ఎక్కడ తవ్వారో, ఎందుకు ఆపారో తెలుసుకొన్నాడు. తరువాత పనివారిని దింపాడు. మూతపడిన గని మళ్లీ ముడిఖనిజం ఇచ్చింది. గడ్డపార కంటె ముందు కాగితం తిరగవేసిన ఈ యువకుని పద్ధతి పై అధికారులను మెప్పించింది.

అయితే అతణ్ణి కలవరపెట్టిన విషయం వేరే ఉంది. గని మేస్త్రీలకు కూడా తాము తవ్వే రాయి పేరు తెలియదు. ఏది విలువైన ఖనిజమో, ఏది పనికిరాని రాయో గుర్తించలేక, ఉత్తిరాతిలో నెలల తరబడి సొరంగం తొలిచేవారు. భూగర్భంలో దయ్యాలున్నాయని, మంత్రదండంతో నిధులు కనిపెట్టవచ్చునని నమ్మేవారు. పిల్లలు పన్నెండేళ్లు రాగానే తండ్రుల వెంట చీకటిలోకి దిగేవారు. వారికి చదువు చెప్పాలని హంబోల్ట్ నిశ్చయించుకొన్నాడు. ప్రభుత్వానికి ప్రతిపాదన పంపి, అనుమతి వచ్చేవరకు వేచి ఉంటే సంవత్సరాలు గడుస్తాయి. అందుచేత అనుమతి అడగకుండానే, తన సొంత ధనంతో, 1793 చివర స్టేబెన్ అనే చిన్న గ్రామంలో గని కార్మికుల కోసం ఉచిత పాఠశాల తెరిచాడు. పిల్లలతోపాటు పెద్దలూ వచ్చి కూర్చున్నారు. ష్పోర్ల్ అనే యువకుణ్ణి, గని పని తెలిసినవాణ్ణే, ఉపాధ్యాయుడుగా నియమించాడు. చదవడం, రాయడం, లెక్కలు, ఆ ప్రాంతపు కొండల స్వరూపం, ఖనిజాలను గుర్తించే విధానం, గనులకు సంబంధించిన చట్టం, ఇవి పాఠ్యాంశాలు. తగిన పుస్తకాలు లేకపోవడంతో పాఠాలు తానే రాశాడు. పని జరిగిపోయిన తరువాతనే పై అధికారులకు తెలియజేశాడు. వారు ఆమోదించక తప్పలేదు.

ఫ్రైబెర్గ్‌లో తాను పొందిన విద్య ప్రభువంశీయులకు, అధికారులకు అందేది. స్టేబెన్ పాఠశాల ఆ విద్యలో కొంత భాగాన్ని సుత్తి పట్టినవాని చేతికి అందించింది. హంబోల్ట్ జీవితంలో ఛింబొరాసో శిఖరారోహణ కంటె ఈ చిన్న బడి గొప్పదని చెప్పడం అతిశయోక్తి కావచ్చు. కాని దాని ప్రస్తావన లేని హంబోల్ట్ చరిత్ర మాత్రం అసంపూర్ణమే.

ప్రమాదాలలో గాయపడిన కార్మికుల కోసం, వారి కుటుంబాల కోసం సహాయనిధి ఏర్పాటుకు కూడా ఆయన కృషి చేశాడు. అంతకంటె ముఖ్యంగా, ప్రమాదాలకు మూలమైన చెడుగాలి మీద దృష్టి పెట్టాడు. సొరంగాలలోని గాలిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించేవాడు. ప్రాణవాయువును గురించి లావోయిజే ప్రతిపాదించిన కొత్త రసాయనశాస్త్రం అప్పుడే వ్యాపిస్తున్నది. దాని సహాయంతో ఆయన రెండు పరికరాలు రూపొందించాడు. మొదటిది దీపం. దానికి అడుగున ఒక గాలితొట్టి, పైన నీటితొట్టి. పైనుంచి నీరు కొద్దికొద్దిగా కిందికి దిగుతూ ఉంటే, తొట్టిలోని మంచి గాలి పైకి తోసుకువచ్చి మంటకు అందుతుంది. చుట్టూ ఉన్న గాలి ఎంత చెడినా దీపం తన సొంత గాలితో వెలుగుతుంది. రెండవది ముఖానికి తగిలించుకొనే శ్వాసపరికరం. మూసిన సంచిలోని మంచి గాలి గొట్టం ద్వారా నోటికి అందే ఏర్పాటు అందులో ఉంది. గనిలో ప్రమాదం జరిగినప్పుడు, చెడుగాలిలో చిక్కుకొన్నవారిని వెలికి తెచ్చేందుకు ఇవి ఉపకరించాలని ఆయన ఉద్దేశం.

1796 అక్టోబరులో బెర్నెక్ వద్ద ఒక పటిక గనిలో దీపాన్ని పరీక్షించవలసి వచ్చింది. ఆ గనిలో ఒక భాగం చెడుగాలితో నిండి, మామూలు దీపాలు అక్కడికి చేరగానే ఆరిపోయేవి. హంబోల్ట్ కార్మికులెవరినీ పంపలేదు. కిల్లింగర్ అనే గని అధికారిని వెనుక నిలిపి, దీపం పట్టుకొని తానే ముందుకు పాకాడు. దీపం చక్కగా వెలుగుతున్నది. ఆ ఆనందంలో ఇంకా లోపలికి వెళ్లాడు. అంతలో అవయవాలు సడలి, దీపం పక్కనే స్పృహ తప్పి పడిపోయాడు. పిలుపుకు బదులు రాకపోవడంతో కిల్లింగర్ ముందుకు వచ్చి, కాళ్లు పట్టి ఆయనను వెనుకకు ఈడ్చుకొని వెళ్లాడు. మంచి గాలి తగిలిన తరువాత కళ్లు తెరిచిన హంబోల్ట్‌కు దూరాన తన దీపం ఇంకా వెలుగుతూ కనిపించింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మామూలు దీపం ఆరిపోవడమే కార్మికునికి హెచ్చరిక. ఆరని దీపం వెలుగు ఇస్తుంది, కాని ఆ హెచ్చరికను తీసివేస్తుంది. దీపం జయించిన చోట మనిషి ఓడిపోయాడు. అందుకే దీపంతోపాటు శ్వాసపరికరం కూడా ఉండి తీరాలని ఈ అనుభవం రుజువు చేసింది. ఆయన దీపం బరువైనది, తొట్టిలో గాలి ఉన్నంతసేపే వెలిగేది. కనుక విస్తారంగా వాడుకలోకి రాలేదు. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ రూపొందించిన దీపం వేరొక అపాయానికి సంబంధించినది. బొగ్గు గనులలో ఊరే మీథేన్ వాయువు మంట తగిలితే పేలుతుంది. డేవీ మంట చుట్టూ సన్నని తీగవల అమర్చి, వేడి వెలుపలి వాయువును అంటించకుండా చేశాడు. మన సింగరేణి వంటి బొగ్గుగనులలో పనిచేసినవారికి సుపరిచితమైన రక్షణదీపం ఆ వంశానికి చెందినదే. హంబోల్ట్ తన ప్రయోగాల వివరాలను భూగర్భ వాయువుల గురించిన గ్రంథంగా రాశాడు. అన్న విల్హెల్మ్ పర్యవేక్షణలో అది 1799లో వెలువడింది.

ఈలోగా ఇంకా పెద్ద పదవులు ఆయనను వెతుక్కొంటూ వచ్చాయి. కాని మనస్సు ఎప్పుడో నిశ్చయమైపోయింది. 1796 నవంబరులో తల్లి మరణించింది. ఆస్తిలో పెద్ద భాగం సంక్రమించింది. తల్లి మాట కోసం చేపట్టిన ఉద్యోగాన్ని, ఎంత ప్రీతితో నిర్వహించినా, ఆమె పోయిన కొద్దికాలానికే వదిలిపెట్టాడు.

స్పెయిన్ తన అమెరికా వలసలలోకి పరదేశీయులను సులభంగా అనుమతించేది కాదు. 1799లో మాద్రిద్ రాజసభకు వెళ్లిన హంబోల్ట్‌కు రాజు నాలుగవ కార్లోస్ ఆశ్చర్యకరమైన స్వేచ్ఛతో అనుమతిపత్రం ఇచ్చాడు. శాస్త్రం మీది అభిమానం ఒక్కటే దానికి కారణం కాదు. వలసలలోని వెండి గనులే స్పెయిన్ సంపద. గనుల విద్యలో ఆరితేరినవాడు సొంత ఖర్చుతో వాటిని చూసి వస్తానంటే కాదనడానికి రాజుకు కారణం కనిపించలేదు. ఆ విధంగా ఫ్రైబెర్గ్ చదువు ఆయనకు అమెరికా ద్వారాలు తెరిచింది.

1799 జూన్‌లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బోన్‌ప్లాన్‌తో కలిసి ఓడ ఎక్కి, జూలైలో నేటి వెనిజులా తీరం చేరాడు. ఓరినోకో నదిలో పడవ ప్రయాణం, కార్చిచ్చులాంటి ఎండలు, దోమల బాధ, విద్యుత్తు పుట్టించే చేపలు, 1802 జూన్ 23న ఛింబొరాసో పర్వతంపై దాదాపు 5,800 మీటర్ల ఎత్తువరకు ఆరోహణ, ఇవన్నీ ప్రసిద్ధమైనవే. అడవులు నరికినచోట నీటి ఊటలు తగ్గిపోతాయని వెనిజులాలోని వాలెన్సియా సరస్సు దగ్గర ఆయన గ్రహించిన సత్యాన్ని నేటి పర్యావరణవేత్తలు తరచు స్మరిస్తారు.

1803లో మెక్సికో చేరుకొన్నప్పుడు హంబోల్ట్‌కు స్వగృహానికి వచ్చినట్లనిపించి ఉండాలి. మెక్సికో నగరంలో 1792లో స్థాపించిన గనుల విద్యాలయం అప్పటికే ప్రసిద్ధి పొందింది. దాని అధిపతి ఫౌస్తో దె ఎల్‌హుయార్, తన సోదరునితో కలిసి టంగ్‌స్టన్ లోహాన్ని వేరుచేసినవాడు, ఫ్రైబెర్గ్‌లో చదివినవాడు. అక్కడి ఖనిజశాస్త్రాచార్యుడు ఆంద్రెస్ మాన్వెల్ దెల్ రియో, ఫ్రైబెర్గ్‌లో హంబోల్ట్ సహాధ్యాయి. వెర్నర్ పాఠాలు సముద్రం దాటి అక్కడి విద్యార్థుల నోట వినబడ్డాయి. హంబోల్ట్ విద్యార్థుల పరీక్షలకు హాజరై ప్రశ్నలు వేశాడు, వారికోసం పాఠ్యసామగ్రి తయారుచేశాడు. దెల్ రియో 1801లో ఒక సీసపు ఖనిజంలో కొత్త మూలకాన్ని కనుగొన్నాడు. దాని నమూనాలను హంబోల్ట్ పారిస్‌కు తీసుకొనివెళ్లాడు. అక్కడ పరీక్షించిన రసాయనశాస్త్రజ్ఞుడు అది కొత్తది కాదు, క్రోమియమేనని పొరపాటుగా తీర్పు చెప్పాడు. దెల్ రియో తన వాదాన్ని వదులుకొన్నాడు. 1830లో స్వీడన్‌కు చెందిన సెఫ్‌స్ట్రోమ్ ఆ మూలకాన్నే తిరిగి కనుగొని వెనేడియం అని పేరు పెట్టాడు. దెల్ రియోకు కలిగిన ఈ అన్యాయంలో హంబోల్ట్‌కు దురుద్దేశం లేదు. అయినా మిత్రుని మాట కంటె పారిస్ పండితుని మాటకే ఎక్కువ విలువ ఇచ్చాడన్న లోపం మిగిలింది.

గ్వానహ్వాతో పట్టణంలో ఆయన కొంతకాలం గడిపాడు. అక్కడి వాలెన్సియానా గని ఆనాడు ప్రపంచంలోని అత్యంత సంపన్నమైన వెండి గనులలో ఒకటి. గని అడుగుదాకా దిగి వేడిని, లోతును, గాలిని కొలిచాడు. కాని ఆయన రాతలలో మనలను నిలవేసేది మనుషుల వర్ణన. ముడిఖనిజాన్ని వీపున మోసే కూలీలు నూరు కిలోలకు పైబడిన బరువుతో, సుమారు 1,800 మెట్లు, ఒక్క పనివేళలోనే ఎనిమిది పది సార్లు ఎక్కి దిగేవారు. ఉక్కపోసే ఆ చీకటిలో వరుసగా సాగే ఆ కూలీలలో వృద్ధులూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. యంత్రాలతో, సరైన మార్గాలతో ఈ శ్రమను తగ్గించవచ్చునని గని అధికారిగా ఆయనకు తెలుసు. మెక్సికోపై రాసిన బృహద్గ్రంథంలో వెండి లెక్కల పక్కనే ఈ మనుషుల లెక్కనూ చేర్చాడు. ఆ గ్రంథం చదివి 1820లలో ఎందరో ఆంగ్ల వ్యాపారులు మెక్సికో గనులలో ధనం కుమ్మరించి నష్టపోయారు. వారు గ్రంథంలో వెండిని మాత్రమే చూశారు.

బానిసత్వాన్ని హంబోల్ట్ జీవితాంతం ద్వేషించాడు. 1804లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఆతిథ్యం స్వీకరించి యూరప్ తిరిగివచ్చిన తరువాత, దాదాపు ఇరవై ఏళ్లకు పైగా పారిస్‌లో ఉండి, తన యాత్రాఫలితాలను అనేక సంపుటాలలో ప్రచురించాడు. వాటికోసం ఆస్తి అంతా హరించిపోయింది. ఇదే కాలంలో ఆయనకు మరొక గాఢమైన కోరిక ఉండేది. హిమాలయాలను చూడాలి, ఆండీస్ పర్వతాలతో పోల్చాలి. ప్రష్యా రాజు ఖర్చులు భరిస్తానన్నాడు. అందుకోసం పలుమార్లు లండన్ వెళ్లాడు. ఈస్టిండియా కంపెనీ ఎంతకూ అనుమతించలేదు. స్పెయిన్ వలసపాలనను అంత నిర్దాక్షిణ్యంగా విమర్శించిన మనిషిని భారతదేశంలో స్వేచ్ఛగా తిరగనివ్వడానికి కంపెనీ జంకి ఉంటుందని చరిత్రకారుల ఊహ. మన దేశపు నేల, కొండలు, గనులు ఆయన దృష్టికి రాకుండానే పోయాయి.

1827లో బెర్లిన్ తిరిగివచ్చాడు. మరుసటి సంవత్సరం వరకు ఆయన ఇచ్చిన ఉచితోపన్యాసాలకు రాజకుటుంబీకులు, తాపీపనివారు, స్త్రీలు, విద్యార్థులు తరలివచ్చారు. అంతలో రష్యానుంచి పిలుపు వచ్చింది. ఉరల్ పర్వతాలలో ప్లాటినం దొరుకుతున్నది. దానితో నాణేలు ముద్రించవచ్చునా అని రష్యా ఆర్థికమంత్రి కాన్‌క్రిన్ సలహా కోరాడు. ధర నిలకడగా ఉండదు కనుక వద్దని హంబోల్ట్ చెప్పాడు. రష్యా ఆ సలహా పాటించక 1828లో నాణేలు ముద్రించి, 1845లో మానుకొంది. అయినా గనులు చూడవలసిందిగా ఆహ్వానం మాత్రం అందింది. 1829లో, అరవయ్యో ఏట, ఆయన ఉరల్ గనులనుంచి చైనా సరిహద్దువరకు వెళ్లివచ్చాడు. పదిహేనువేల కిలోమీటర్లకు మించిన ఆ ప్రయాణంలో పన్నెండువేల పైచిలుకు గుర్రాలు మారాయి. బ్రెజిల్ వజ్రాల నేలల్లో బంగారం, ప్లాటినం కలిసి దొరుకుతాయి. అదే కలయిక ఉరల్‌లోనూ ఉంది కనుక అక్కడ వజ్రాలు ఉండి తీరాలని ఆయన తర్కించాడు. ఆయన అక్కడ ఉన్న రోజులలోనే, ఆ వేసవిలో, పావెల్ పొపోవ్ అనే పద్నాలుగేళ్ల బాలుడు బంగారు ఇసుక కడుగుతూ తొలి వజ్రాన్ని కనుగొన్నాడు.

ఆ బాలుడు భూస్వామికి కట్టుబడిన దాసుడు. రష్యా అతిథిగా వెళ్లేముందు, అక్కడి ప్రజల స్థితిగతులపై వ్యాఖ్యానించనని హంబోల్ట్ మాట ఇచ్చి ఉన్నాడు. స్టేబెన్‌లో అనుమతి లేకుండా బడి తెరిచిన వ్యక్తి ఇక్కడ మౌనం వహించాడు. మిత్రులకు రాసిన లేఖలలో మాత్రం అడుగడుగునా వెంబడించే అధికారులపై విసుగు తొంగిచూసింది. ఆ మౌనాన్ని సమర్థించడం కష్టం. ఆయన వృద్ధాప్యంలో చేసిన ఒక పనిని దాని పక్కన ఉంచి చూడవచ్చు. ప్రష్యా నేలపై కాలుమోపిన బానిస ఆ క్షణంనుంచే స్వతంత్రుడని ప్రకటించే చట్టం 1857లో వెలువడింది. దాని వెనుక ఎనభై ఏడేళ్ల హంబోల్ట్ పట్టుదల ఉంది.

చివరి పాతికేళ్లలో ఆయన శ్రమంతా కాస్మోస్ అనే మహాగ్రంథానికి వెచ్చించాడు. నక్షత్రాలనుంచి నాచుమొక్క వరకు విశ్వమంతటినీ ఒకే సంబంధాల వలగా చూపాలన్నది దాని ఆశయం. మొదటి సంపుటం 1845లో వచ్చింది. అప్పటికి ఆయన సొంత ఆస్తి హరించుకుపోయి, రాజు ఇచ్చే భరణం మీదనే జీవిస్తున్నాడు. సంవత్సరానికి వేలకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. బీద విద్యార్థుల, యువ శాస్త్రజ్ఞుల విన్నపాలకు తన చేతులతోనే జవాబులు రాసేవాడు. ఐదవ సంపుటం పూర్తికాకముందే 1859 మే 6న, తొంభయ్యో ఏట, బెర్లిన్‌లో కన్నుమూశాడు. బెర్లిన్ వీధులలో వేలాది ప్రజలు వెంటనడవగా అంతిమయాత్ర సాగింది. బాల్యంలో రాళ్లు ఏరుకొన్న టేగెల్ తోటలో, అన్న విల్హెల్మ్ సమాధి చెంతనే, ఆయనను ఖననం చేశారు.